వట్టి కాలికి తగ్గ పెడల్‌బోర్డు

నేను గిటార్ వాయించేది ఆర్కెస్ట్రాలో. హైదరాబాద్‌లో ఏడాది పొడుగునా ఏదో ఒక ప్రోగ్రాం ఉంటుంది. పెళ్లి రిసెప్షన్లు, బోనాల వేదికలు, వినాయక చవితి మండపాలు, అయ్యప్ప పూజలు, డిసెంబరు వచ్చిందంటే క్రిస్మస్ పాటలు. వీటిలో చాలా వేదికలు చెప్పులు కింద విడిచి ఎక్కాల్సినవే. గిటార్ స్వరాన్ని మార్చడానికి కాలితో నొక్కే పెడళ్లు బజారులో దొరికేవి మాత్రం బూటు వేసుకున్న కాలిని దృష్టిలో పెట్టుకుని చేసినవి. వేలెడు లావు ఇనుప బొత్తం, దాని కింద గట్టి స్ప్రింగు. ప్రోగ్రాం మొత్తం దాన్ని వట్టి కాలితో తొక్కుతూ ఉంటే బొటనవేలి కింద చర్మం కమిలిపోతుంది. అంతకన్నా పెద్ద నష్టం పాటకు జరుగుతుంది. నొప్పి తెలిసిన కాలు వెనకాడుతుంది, పల్లవి మొదట్లో అందుకోవాల్సిన డిలేను, అంటే ప్రతిధ్వనిని, కాస్త ఆలస్యంగా అందుకుంటుంది. అందుకే పెడళ్లు అమర్చుకునే బోర్డును నా కాలికి కొలుచుకుని, స్విచ్చులతో సహా నేనే చేసుకున్నాను. చేయాలనుకునే వాళ్లకు పనికొచ్చేంత వివరంగా చెబుతాను.

అప్పటికి నా దగ్గర ఉన్నవి ఒక ట్యూనర్, స్వరాన్ని కాస్త గరుకు చేసే ఒక ఓవర్‌డ్రైవ్, సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఒక మల్టీఎఫెక్ట్స్, అంటే చాలా ఎఫెక్ట్‌లు ఒకే పెట్టెలో ఉండే పరికరం. ఆర్కెస్ట్రా గిటారిస్టుకు మల్టీఎఫెక్ట్స్ తప్పదు. ఒకే సాయంత్రం డిస్కో పాటకు వావా అని పలికే వా ఎఫెక్ట్ కావాలి, మెలోడీకి కోరస్ కలిసిన క్లీన్ టోన్ కావాలి, మాస్ పాటకు డిస్టార్షన్ కావాలి, భక్తిగీతానికి నిదానంగా ఉబికి వచ్చే స్వరం కావాలి. దాని వెనక, కాలితో వంచే పెడళ్ల కోసం రెండు ఎక్స్‌ప్రెషన్ సాకెట్లు, స్విచ్చుల కోసం ఒక కంట్రోల్ సాకెట్ ఖాళీగా ఉన్నాయి. నా పనంతా ఆ మూడింటి చుట్టూనే.

ముందుగా ఒక విషయం. ఎక్స్‌ప్రెషన్ పెడల్ గుండా గిటార్ శబ్దం పోదు. ఇది అర్థమైతే సొంతంగా చేసుకోవడానికి ఉండే భయం సగం తగ్గుతుంది. వాల్యూమ్ పెడల్లోనూ వా పెడల్లోనూ శబ్దం నేరుగా పోతుంది కాబట్టి, లోపల తిప్పితే రెసిస్టెన్స్ మారే పొటెన్షియోమీటర్ అరిగితే స్పీకర్లో గరగర వినపడుతుంది, షీల్డు లేని తీగ వాడితే హమ్ ఎక్కుతుంది. ఎక్స్‌ప్రెషన్ పెడల్ పని వేరు. మల్టీఎఫెక్ట్స్ ఒక చిన్న డీసీ వోల్టేజీని బయటికి పంపుతుంది. పెడల్ తాను ఎంత వంగిందో దాన్నిబట్టి అందులో కొంత భాగాన్ని వెనక్కి ఇస్తుంది. లోపలి చిప్పు దాన్ని అంకెగా మార్చుకుని, ఆ అంకెతో డిలేనో వాల్యూమ్‌నో కదిలిస్తుంది. ఇంత సాధారణమైన పనికి ఖరీదైన విడిభాగాలు అక్కర్లేదు. 10కె, అంటే 10 కిలో ఓమ్‌ల, లీనియర్ పొటెన్షియోమీటర్ ఒకటి, స్టీరియో సాకెట్ ఒకటి, కొంచెం తీగ చాలు.

లీనియర్, అంటే తిప్పినకొద్దీ సమంగా మారేది, అన్న మాట గట్టిగా గుర్తుంచుకోవాలి. మన దగ్గర దొరికే వాటి మీద బి10కె అని ఉంటే లీనియర్, ఏ10కె అని ఉంటే లాగ్. లాగ్ రకం వాడితే పెడల్ సగం దూరం తొక్కేదాకా ఏమీ జరగనట్టు ఉండి, చివర్లో ఒక్కసారిగా మీద పడుతుంది. స్టీరియో ప్లగ్గులో కొన టిప్, మధ్య కట్టు రింగ్, మిగతాది స్లీవ్. సాకెట్‌కు వైరింగ్ రోలాండ్, బాస్ కంపెనీల పద్ధతిలో ఇలా ఉంటుంది. పొటెన్షియోమీటర్ మధ్య కాలు, అంటే వైపర్, టిప్‌కు. ఒక చివరి కాలు రింగ్‌కు, రెండో చివర స్లీవ్‌కు. యమహా, కోర్గ్ పద్ధతిలో టిప్, రింగ్ తారుమారు. లైన్ 6 వాళ్ల పెడల్‌కు రెండు తీగలే, మోనో కేబుల్ సరిపోతుంది. మీ పరికరం మాన్యువల్ ఏం చెబుతుందో చూశాకే సోల్డరింగ్ ఐరన్ పట్టుకోండి. నాది రోలాండ్ పద్ధతి. టిప్‌కు వెళ్లే తీగలో 1కె రెసిస్టరు ఒకటి వేశాను, వైపర్ పూర్తిగా ఒక చివరకు చేరినప్పుడు ప్లగ్గు దూర్చినా తీసినా అటు పరికరానికీ ఇటు పొటెన్షియోమీటర్‌కూ కాస్త రక్షణ. టిప్‌కూ స్లీవ్‌కూ మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు పెడితే అంకె వణకడం తగ్గుతుంది. మీటరుతో చూసినప్పుడు రింగ్‌కూ స్లీవ్‌కూ మధ్య ఎప్పుడూ 10కె దరిదాపుల్లో ఉండాలి, టిప్‌కూ స్లీవ్‌కూ మధ్య 1కె నుంచి 11కె దాకా తొణక్కుండా ఎక్కాలి. అలా ఉంటే ఎలక్ట్రికల్ పని అయిపోయినట్టే.

సామాను కోఠి గుజరాతీ గల్లీలో తీసుకున్నాను. ఆన్‌లైన్‌లో అన్నీ దొరుకుతాయి, కానీ పొటెన్షియోమీటర్‌ను వేళ్లతో తిప్పి చూడకుండా కొనడం నాకు ఇష్టం ఉండదు. కొన్ని వదులుగా తిరుగుతాయి, కొన్ని మొరాయిస్తాయి. కాలి కింద పెట్టేది సాఫీగా, ఒకే బిగువుతో తిరగాలి. దుకాణం ఆయన డబ్బా ముందుకు జరిపి, "ఏడ పెడ్తవన్నా దీన్ని, ఆంప్లిఫైయర్లనా?" అన్నాడు. కాలితో తొక్కే పెడల్లో అని చెబితే ఒక నిమిషం ఆలోచించి, "గట్లైతే ఈ సన్న షాఫ్టుది వద్దు, ఆరు మిల్లీది తీస్కో. గేరు గట్టిగ కూసుంటది" అన్నాడు. నేను గేరు సంగతి చెప్పకముందే ఆయనకు తట్టింది. ఆ గల్లీలో కౌంటరు వెనక నిలబడ్డ వాళ్లకు రిపేరు పని తెలిసి ఉంటుంది. ఆన్‌లైన్ బుట్టలో ఆ సలహా దొరకదు.

అసలు కష్టం గేరు దగ్గరే. పొటెన్షియోమీటర్ ఈ చివర నుంచి ఆ చివరకు తిరగాలంటే దాదాపు 270 డిగ్రీలు తిరగాలి. కాలి పలక వంగేది మహా అయితే 20, 22 డిగ్రీలు. పలకకు షాఫ్టును నేరుగా బిగిస్తే పొటెన్షియోమీటర్‌లో పదో వంతు కూడా వాడుకోలేం. చాలా మల్టీఎఫెక్ట్స్‌లలో కాలిబ్రేషన్ ఉంటుంది, తక్కువ తిరుగుడును కూడా మొత్తంగా లెక్కేసుకుంటుంది, కానీ అప్పుడు మార్పు మెట్లు మెట్లుగా వినపడుతుంది. వా పెడళ్లలో దీనికి వాడే పద్ధతి పళ్ల బద్ద, చిన్న గేరు. పలక కిందికి దిగితే బద్ద దిగుతుంది, గేరు తిరుగుతుంది.

అలాంటి పళ్ల బద్ద పాత డీవీడీ డ్రైవుల్లో ఉంటుంది. ట్రే బయటికి వచ్చి లోపలికి పోయేది దానిమీదే. ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాడైన డ్రైవులు కుప్పగా పోసి అమ్ముతారు. ట్రే అడుగున ఉన్న బద్దను జాగ్రత్తగా కోసుకుని, దానికి సరిపోయే ప్లాస్టిక్ గేరును అదే డ్రైవులోంచి తీశాను. గేరు ఎంత పెద్దది కావాలో ముందే లెక్క వేసుకోవచ్చు. పలక ఇరుసు నుంచి 8 సెంటీమీటర్ల దూరంలో బద్దను వేలాడదీస్తే, పలక 21, 22 డిగ్రీలు వంగినప్పుడు బద్ద 30 మిల్లీమీటర్లు దిగుతుంది. 270 డిగ్రీలంటే ముప్పావు చుట్టు. ముప్పావు చుట్టుకు 30 మిల్లీమీటర్లయితే పూర్తి చుట్టుకు 40. దాన్ని 3.14తో భాగిస్తే గేరు వ్యాసం సుమారు 12.7 మిల్లీమీటర్లు. డ్రైవులో రెండు మూడు సైజుల గేర్లు ఉంటాయి కాబట్టి దగ్గరిది దొరుకుతుంది. కొంచెం పెద్దదైనా ఫర్వాలేదు, చిన్నది మాత్రం వద్దు. పొటెన్షియోమీటర్ చివరకు కొట్టుకున్నాక కూడా కాలు తొక్కుతూనే ఉంటే పళ్లు విరుగుతాయి. అందుకే పలక ఆగే చోట రబ్బరు బుడిపె పెట్టి, బరువంతా చెక్క మీద పడేలా చూడాలి. బద్ద గేరును వదలకుండా వెనక నుంచి ఒక నైలాన్ ముక్క ఆనించాను.

పలక, పీట రెండూ 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్. పలక పొడవు నా పాదం పొడవు. ఇక్కడే వట్టి కాలు లెక్కలోకి వచ్చింది. బూటుతో తొక్కేవాళ్లు మడమ ఆనించి మునివేళ్లతో నొక్కితే అడుగు మొత్తం గట్టిగా ఒకేసారి కదులుతుంది. వట్టి పాదం అలా కదలదు, మధ్యలో వంగుతుంది. అందుకే ఇరుసును పలక చివర కాకుండా మడమకు కాస్త ముందు పెట్టాను. మడమ దించితే పలక వెనక్కి, మునివేళ్లు దించితే ముందుకు, కాలు ఎత్తాల్సిన అవసరం లేదు. కాలు తీసేసినా పలక ఉన్నచోటే నిలవాలి కాబట్టి ఇరుసు బోల్టుకు రెండు వైపులా నైలాన్ వాషర్లు వేసి, కావలసినంత బిగువు వచ్చేదాకా నట్టు బిగించాను. పైన ఇసుక కాగితం లాంటి గరుకు అంటిస్తే చర్మం ఒలిచేస్తుంది. సైకిల్ ట్యూబు కోసి రబ్బరు అతికించే ఎస్‌ఆర్ గమ్ముతో అతికించాను. చెమట పట్టినా కాలు జారదు, పాదానికి మెత్తగా ఉంటుంది.

ఒక చిన్న నాబ్ గురించి కూడా చెప్పాలి. పొటెన్షియోమీటర్‌లో స్లీవ్‌కు వెళ్లే చివరకు వరుసగా ఇంకో 10కె పొటెన్షియోమీటర్‌ను రెసిస్టరులా కలిపి, నాబ్‌ను పీట పక్కన బిగించాను. దీన్ని పూర్తిగా తగ్గిస్తే పెడల్ సున్నా నుంచి మొదలవుతుంది. 2.2కె దగ్గర పెడితే మడమ వైపు చివర కూడా 18 శాతం మిగిలి ఉంటుంది. పూర్తిగా పెంచితే సగం నుంచే మొదలు. పెడల్‌ను వాల్యూమ్‌కు వాడుతున్నప్పుడు దీని విలువ తెలుస్తుంది. సింగర్ పాడుతున్నంతసేపూ గిటార్ పూర్తిగా ఆగిపోకూడదు, సన్నగా కింద నడవాలి. మా కీబోర్డు అన్న రిహార్సల్‌లో ఎప్పుడూ అనే మాట, "తమ్మీ, జర నీ గిటార్ సన్నగ రానీయి, పాడేటాయన గొంతు ఇనవడ్తలేదు." ఇప్పుడు మడమ దించితే చాలు, ఆయన కోరుకున్న సన్నదనం దానంతట అదే వచ్చి నిలుస్తుంది.

ఇక స్విచ్చులు. పనిలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఇదే. ఇనుప బొత్తం స్విచ్చుల బదులు గుజరాతీ గల్లీలోనే దొరికే లివరు మైక్రోస్విచ్చులు తీసుకున్నాను. వేలితో తాకితే టిక్కుమనేంత తేలిక. వాటి మీద 5 సెంటీమీటర్ల వెడల్పు, 12 సెంటీమీటర్ల పొడవు చెక్క పలకలు పెట్టి, ఒక చివర చిన్న తలుపు కబ్జాలు బిగించాను. హార్మోనియం మెట్టు నొక్కినట్టు పాదం ఎక్కడ ఆనించినా దిగుతుంది. కింద మెత్తటి స్ప్రింగు, పక్కనే రబ్బరు బుడిపె. ఒళ్లంతటి బరువు వేసినా మైక్రోస్విచ్ మీద పడేది లివరు కదిలేంత మాత్రమే. పలకకూ పలకకూ మధ్య 2.5 సెంటీమీటర్ల ఖాళీ వదిలాను, లేకపోతే చిటికెన వేలు పక్కదాన్ని తొక్కుతుంది.

కంట్రోల్ సాకెట్‌కు రెండు పలకలు. ఒకదాని మైక్రోస్విచ్ టిప్‌ను స్లీవ్‌కు కలుపుతుంది, రెండోది రింగ్‌ను స్లీవ్‌కు. ఒకటి టెంపోకు, ఒకటి తరవాతి ప్యాచ్‌కు, అంటే ముందే దాచుకున్న తరవాతి టోన్‌కు. ఇందులో చెప్పుకోవాల్సినంత పని లేదు.

మూడో పలక రెండో ఎక్స్‌ప్రెషన్ సాకెట్‌కు వెళ్తుంది. దీనికి వంపు లేదు, రెండే స్థానాలు, కానీ ఆ రెండూ ఎక్కడ ఉండాలో నేను నిర్ణయించుకోవచ్చు. రెండు 22కె లీనియర్ పొటెన్షియోమీటర్లు తీసుకుని, రెండింటి చివరలనూ రింగ్‌కూ స్లీవ్‌కూ పక్కపక్కన కలిపాను. రెండు కలిస్తే 11కె, పరికరం కోరే 10కెకు దగ్గర. ఒకదాని వైపర్ మైక్రోస్విచ్‌లో తొక్కనప్పుడు కలిసి ఉండే ఎన్‌సీ కాలుకు, రెండోదాని వైపర్ తొక్కితే కలిసే ఎన్‌ఓ కాలుకు, మధ్యలో ఉన్న కామన్ టిప్‌కు. కాలు పెట్టనంతసేపూ మొదటి నాబ్ చెప్పిన విలువ, తొక్కి పట్టుకున్నంతసేపూ రెండో నాబ్ చెప్పిన విలువ. చరణం చివరి మాట మీద తొక్కి పట్టుకుంటే డిలే పెరుగుతుంది, వదిలితే వెంటనే మామూలుకు వస్తుంది. వంపు పెడల్‌తో ఇంత కచ్చితంగా ఒకే చోటుకు తిరిగి రావడం కష్టం, పాట మధ్యలో మరీ కష్టం.

దీనికే ఇంకో మెరుగు. కామన్‌కూ టిప్‌కూ మధ్య 10కె రెసిస్టరు, టిప్ నుంచి స్లీవ్‌కు 47 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరు, ప్లస్ కాలు టిప్ వైపు. అప్పుడు తొక్కగానే విలువ దూకదు, సెకనున్నర రెండు సెకన్లలో నిదానంగా ఎక్కుతుంది, వదిలితే అలాగే దిగుతుంది. స్పీకర్ తిరుగుతున్నట్టు వినిపించే రోటరీ స్పీకర్ ఎఫెక్ట్ పెట్టి వినండి. అసలు లెస్లీ స్పీకర్లో తిరిగే హారన్ వేగం అందుకోవడానికి సమయం పడుతుంది, ఆ ఎక్కుడు దిగుడులోనే దాని అందం ఉంది. కొద్ది రూపాయల కెపాసిటరుతో అది కాలి కిందికి వచ్చింది. వెంటనే మారాల్సిన ఎఫెక్ట్‌లకు అడ్డం రాకుండా కెపాసిటరును తప్పించే చిన్న స్లైడ్ స్విచ్ పెట్టాను. మూడు తీగల పద్ధతిలో పనిచేసే సాకెట్లకే ఇది వర్తిస్తుందని మరిచిపోవద్దు.

స్విచ్చుల, సాకెట్ల పెట్టెలు చేయడానికి, కిటికీలు, పార్టిషన్లు చేసేచోట మిగిలే అల్యూమినియం సెక్షన్ ముక్కలు వాడాను. దుకాణాల్లో తూకానికి ఇస్తారు. ఎనోడైజ్ చేసిన అల్యూమినియం పైపొర కరెంటును పోనివ్వదు. సాకెట్ కూర్చునే చోట లోపల ఆకురాయితో గీకితేనే పెట్టె స్లీవ్‌కు కలుస్తుంది. బోర్డు మాత్రం ప్లైవుడ్ చట్రమే, పైన వెల్క్రో. టైలరింగ్ సామాను అమ్మే చోట మీటర్ల లెక్కన దొరుకుతుంది. వెల్క్రోలో గరుకుగా ఉండేది పెడళ్లకు, మెత్తనిది బోర్డుకు.

కరెంటు గురించి మాత్రం తొందరపడకుండా చెప్పాలి. వట్టి కాళ్లు, లోహపు తీగల మీద రెండు చేతులు, మూతి దగ్గర మైకు. వినాయక చవితి వచ్చేది వానల్లో, మండపం నేల చాలాసార్లు తడిగా ఉంటుంది. గిటార్ తీగలు కేబుల్ షీల్డు ద్వారా మిక్సర్ ఎర్త్‌కు కలిసి ఉంటాయి. ఆ ఎర్త్ సరిగా లేకపోతే ఏం జరగవచ్చో వేరే చెప్పనక్కర్లేదు. అందుకని బోర్డును ప్లగ్గులో పెట్టేముందు మీటరుతో మూడు కొలతలు చూస్తాను. ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య 230 వోల్టుల దరిదాపు, ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య కూడా దాదాపు అంతే, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య ఒకటి రెండు వోల్టులు. రెండో కొలత బాగా తక్కువగా ఉన్నా, నిలకడ లేకపోయినా అక్కడ ఎర్త్ లేదన్నమాట. సౌండ్ అన్నను పిలిచి చూపిస్తాను. చాలామంది వెంటనే జెనరేటర్ దగ్గరికి వెళ్లి సరిచేస్తారు. నా ఎక్స్‌టెన్షన్ బాక్సులో 30 మిల్లీ ఆంప్ ఆర్‌సీసీబీ అనే రక్షణ స్విచ్ వేయించుకున్నాను, ఒంట్లోంచి లీకేజీ కరెంటు భూమిలోకి పోతే అది కరెంటును ఆపేస్తుంది. కాలు తగిలే చోట ఎక్కడా లోహం బయటికి లేదు.

హమ్ వస్తోందని త్రీపిన్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను పీకేసే అలవాటు మన స్టేజీల మీద ఉంది. దయచేసి ఆ పని చేయకండి. 50 హెర్ట్జ్ హమ్ గ్రౌండ్ లూప్ వల్ల, అంటే ఎర్త్ రెండు దారుల్లో కలవడం వల్ల, వస్తుంటే గిటార్ సిగ్నల్‌ను మిక్సర్‌కు పంపే డీఐ బాక్సు మీద గ్రౌండ్ లిఫ్ట్ నొక్కండి, అది సిగ్నల్ గ్రౌండ్‌ను మాత్రమే విడదీస్తుంది. ఇంకో రకం రొద, సన్నటి కీచుమని వచ్చేది, డిజిటల్ పెడల్‌నూ ఓవర్‌డ్రైవ్‌నూ ఒకే అడాప్టర్ మీద గొలుసుగా కలిపినప్పుడు వస్తుంది. విడివిడి అవుట్‌పుట్లున్న ఐసోలేటెడ్ సప్లై వాడితే పోతుంది. ఇది నేను కొన్నాను. 230 వోల్టులు ఉండే పెట్టెను ఇంట్లో చేసుకోవడాన్ని నేను ఒప్పుకోను. పెడళ్ల వైపు 9 వోల్టులే అయినా ప్లగ్గు మధ్యలో మైనస్ ఉంటుంది, మామూలు అడాప్టర్లలో చాలావాటికి మధ్యలో ప్లస్. చూసి పెట్టాలి.

వరుస అందరికీ తెలిసిందే. గిటార్, ట్యూనర్, ఓవర్‌డ్రైవ్, మల్టీఎఫెక్ట్స్, డీఐ, మిక్సర్. మల్టీఎఫెక్ట్స్ లోపల వాల్యూమ్ ఎక్కడ పెట్టాలన్నదే ఆలోచించాల్సిన సంగతి. డ్రైవ్‌కు ముందు పెడితే తగ్గించినకొద్దీ డిస్టార్షన్ కూడా తగ్గి క్లీన్ అవుతుంది. తరవాత పెడితే టోన్ మారకుండా చప్పుడు మాత్రమే తగ్గుతుంది. డిలేకు ముందు ఉండాలి, అప్పుడే వాల్యూమ్ మూసినా ముందు వాయించిన స్వరం మోగుతూనే ఉంటుంది. నాది డ్రైవ్ తరవాత, డిలే ముందు. మడమ దించి తీగ మీటి, స్వరం మీద జారుతూ మునివేళ్లు దించితే మీటిన చప్పుడు వినపడకుండా స్వరం మాత్రమే పైకి వస్తుంది. ఆలాపన వెనక దీన్ని వాయిస్తే వయొలిన్ లేని ఆర్కెస్ట్రాలో ఆ లోటు చాలావరకు తీరుతుంది. ఒకే పెడల్‌కు రెండు పనులు అప్పగించి, వాల్యూమ్‌తో పాటు డిలే మిక్స్‌ను 10 నుంచి 35 శాతం దాకా కదిలిస్తున్నాను. 35 దాటితే ఫంక్షన్ హాల్ రేకుల కప్పు కింద అంతా కలగాపులగం అవుతుంది, ఆ హాలు ఇచ్చే ప్రతిధ్వనే చాలు.

ఈసారి చవితికి మండపాలన్నీ ఈ బోర్డుతోనే వాయించాను. పలకలు చూడకుండానే కాలికి దొరుకుతున్నాయి, అరికాలికి చెక్క అంచు తెలుస్తుంది కాబట్టి. చీకటి స్టేజీ మీద బూటు వేసుకున్న వాళ్లకు ఈ సౌకర్యం లేదు. రబ్బరు ఒకచోట లేచింది, మళ్లీ అతికించాను. పళ్ల బద్ద మీద కొంచెం సిలికాన్ గ్రీజు వేశాక వంపు ఇంకా సాఫీ అయింది.

మా కీబోర్డు అన్న కూడా ఒక వంపు పెడల్ చేసిపెట్టమన్నాడు. ఆయన వాయించేది యమహా, ఇంట్లో ఉన్నది రోలాండ్. అందుకని దానికి టిప్, రింగ్ తీగలను తారుమారు చేసే ఆరు కాళ్ల స్లైడ్ స్విచ్ ఒకటి పెడుతున్నాను. రెండింటికీ అదే పెడల్ సరిపోతుంది. ఆయన పాదం నాకన్నా చిన్నది, కూర్చుని వాయిస్తాడు. పలక పొడవు తగ్గించి, ఇరుసును ఇంకాస్త వెనక్కి జరిపి, ప్లైవుడ్ మీద గీతలు గీసుకున్నాను.